ఆంగ్ల సంభాషణలోని నుడికారం – ప్రాచ్య విద్యార్థికి గల సాధన సంపత్తి

పదాలన్నీ తెలిసి వాక్యార్థం తెలియని స్థితి ఒకటి ఉన్నది. అది నిరక్షరాస్యుని స్థితి కాదు, చదువుకొన్నవాని స్థితి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పల్లెల నుండి వచ్చి, ప్రాచ్య కళాశాలలో సంస్కృతాంధ్రాలను అభ్యసించి, భాషాపండితుడుగా పాఠశాలలో చేరిన యువకుని ఊహించవచ్చు. ఆంగ్ల వ్యాకరణం అతనికి కొంత తెలుసు. నిఘంటువు చేతిలో ఉంటే ఆంగ్ల పత్రికను చదువగలడు. ఉపాధ్యాయుల గదిలో సహోద్యోగి ఒకరు బీరువాను జరుపబోతూ 'కెన్ యు గివ్ మి ఎ హ్యాండ్?' అని అడిగినప్పుడు మాత్రం అతడు ఒక క్షణం ఆగిపోతాడు. 'హ్యాండివ్వటం' అంటే నమ్మించి ముంచటమని అతనికి తెలిసిన వాడుక తెలుగు చెప్పుతున్నది. ఇక్కడ అడిగినది సాయం. 'గివ్', 'హ్యాండ్' అనే రెండు మాటలూ అతడు చిన్న తరగతులలోనే నేర్చినవి. అతడు ఎరుగనిది వాటి కలయిక. ఇటువంటి సందర్భాలు పది ఎదురైన తరువాత అతడు ఆంగ్లం వినవచ్చిన చోట నోరు తెరవటం మానివేస్తాడు. ధ్వనిభేదాలను విడమరచి చెప్పగలవాడు తోటివారి మధ్య మౌని అవుతాడు.

ఈ మౌనానికి కారణం ఆంగ్ల పరిజ్ఞానం లేకపోవటమేనని సాధారణాభిప్రాయం. అందులో సత్యం సగమే. నుడికారాన్ని పట్టుకొనే ఉపకరణం అతని శాస్త్రంలోనే ఉన్నది. నుడికారాన్ని నిత్యం వాడే అనుభవం అతని ఊరి మాటలోనే ఉన్నది. ఆ రెంటినీ ఆంగ్లానికి అన్వయించి చూపే బోధన లేకపోవటమే అసలు లోపం. ప్రాచ్య కళాశాలల అధ్యాపకులు గుర్తించవలసిన విషయం ఇది.

ముందుగా శాస్త్రాన్ని పరిశీలించవచ్చు. ఆలంకారికులు లక్షణకు మూడు నిబంధనలు చెప్పారు. వాచ్యార్థం పొసగకపోవటం మొదటిది. వాచ్యార్థంతో సంబంధం గల మరొక అర్థం స్ఫురించటం రెండవది. ఆ స్ఫురణకు లోకరూఢి గాని, వక్త ఉద్దేశించిన ప్రయోజనం గాని మూలం కావటం మూడవది. మమ్మటుడు కావ్యప్రకాశంలో రూఢికి 'కుశల' శబ్దాన్ని, ప్రయోజనానికి గంగలో గొల్లపల్లె ఉన్నదనే వాక్యాన్ని ఉదాహరించాడు. నిప్పుతో తడుపుమనే వాక్యం యోగ్యత లేనందున ప్రమాణం కాదని తర్కసంగ్రహం చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. 'ఐ యామ్ ఆల్ ఇయర్స్' అనే ఆంగ్ల వాక్యాన్ని ఈ విద్యార్థి ముందుంచితే అతడు తడబడవలసిన పని లేదు. మనిషి నిలువెల్లా చెవులు కావటం పొసగదు. చెవికి సంబంధించినది వినటం. కాబట్టి సావధానంగా వింటున్నానని భావం. తెలుగులో 'ఒళ్ళంతా చెవులు చేసుకొని వినటం' అనే పలుకుబడి దీనికి తోబుట్టువు వంటిది.

అయితే నిత్య సంభాషణలో చిక్కు తెచ్చే నుడికారాలు ఎక్కువగా ఈ తరగతికి చెందవు. పిల్లులు, కుక్కలు వానగా కురిసినవని ఆంగ్లేయుడు అన్నప్పుడు వాచ్యార్థం పొసగదని వినేవానికి వెంటనే తెలుస్తుంది. ఆ వాక్యం తన వింతను తానే చాటుకొంటుంది. 'యు కెన్ సే దట్ అగైన్' అనే మాట అట్లా కాదు. 'ఆ మాట మళ్ళీ చెప్పవచ్చు' అనే వాచ్యార్థం నిక్షేపంగా పొసగుతున్నది. వినేవాడు వినయంగా చెప్పిన మాటనే మళ్ళీ చెప్పుతాడు. ఎదుటివాడు నవ్వుతాడు. ఆయన అన్నది 'ముమ్మాటికీ నిజం' అని మాత్రమే. నల్లగొండలో ఇదే సందర్భంలో 'గంతే మరి' అంటారు. అట్లే 'టెల్ మి అబౌట్ ఇట్' అంటే వివరంగా చెప్పుమని కాదు. 'నాకు తెల్వదా ఆ బాధ' అని. వినేవాడు దానిని ప్రార్థనగా భావించి మొదటినుండి వివరించబూనితే సంభాషణ దారి తప్పుతుంది.

ఇటువంటి చోట న్యాయశాస్త్రంలోని ఒక చర్చ అక్కరకు వస్తుంది. లక్షణకు బీజం అన్వయం కుదరకపోవటమా, తాత్పర్యం కుదరకపోవటమా అన్నది ఆ చర్చ. తాత్పర్యానుపపత్తియే బీజమని విశ్వనాథ పంచాననుడు సిద్ధాంతముక్తావళిలో నిర్ణయించాడు. కాకుల బారి నుండి పెరుగును కాపాడుమనే శాస్త్రప్రసిద్ధ వాక్యంలో అన్వయానికి ఏ లోపమూ లేదు. అయినా పిల్లి వచ్చినప్పుడు చూస్తూ ఊరకుండేవాడు చెప్పినవాని మాటను అర్థం చేసుకొన్నట్లు కాదు. పెరుగు మిగలాలన్నది వక్త తాత్పర్యం. ఆంగ్ల సంభాషణలోని చిన్న నుడికారాలు చాలావరకు ఈ పెరుగుకుండ వంటివి. వాటిలో మాటల పొత్తు చక్కగానే ఉంటుంది. వక్త అభిప్రాయం మాత్రం వేరొక చోట ఉంటుంది. కనుక 'ఈ మాటలకు అర్థమేమి?' అనే ప్రశ్న చాలదు. 'ఈ సమయంలో ఈయన ఈ మాట ఎందుకన్నాడు?' అని అడుగుకోవటం అలవాటు కావలసి ఉన్నది. సంసర్గం, విప్రయోగం, సాహచర్యం, విరోధిత, ప్రకరణం మొదలైనవి అర్థనిర్ణయానికి హేతువులని భర్తృహరి వాక్యపదీయంలో పరిగణించినది ఇటువంటి అవసరం కొరకే.

భర్తృహరి మతంలో వాక్యం అఖండం. పదవిభాగం శాస్త్రసౌకర్యానికి కల్పించుకొన్నది. ఆంగ్ల భాషాశాస్త్రంలో జాన్ సింక్లెయిర్ 1991లో ప్రకటించిన గ్రంథంలో దీనిని స్మరింపజేసే ప్రతిపాదన ఒకటున్నది. మాట్లాడేవాడు ఒక్కొక్క పదాన్ని విడివిడిగా ఏరుకొని వాక్యం కట్టుతాడనుకోవటం సరి కాదనీ, సగం సిద్ధంగా ఉన్న పదబంధాలను ఒక్క ఎంపికగా తీసుకొంటాడనీ ఆయన వాదించాడు. రెండు సిద్ధాంతాలూ ఒకటే అనటం అతిశయోక్తి అవుతుంది. ఒకటి తత్త్వవిచారం నుండి వచ్చినది, మరొకటి కంప్యూటరులో చేర్చిన వాక్యరాశిని పరిశీలించగా తేలినది. అయినా నుడికారాన్ని ముక్కలు చేసి అర్థం వెదకరాదనే బోధనాసూత్రం రెండింటి నుండీ వెలువడుతుంది.

మరొక శాస్త్రచర్చ కూడ ఈ సందర్భంలో స్మరణీయం. దర్భలు కోసి తెచ్చేవాడు అనే వ్యుత్పత్తి నుండి 'నేర్పరి' అనే అర్థం లక్షణచేత వచ్చినదని 'కుశల' శబ్దం విషయంలో మమ్మటుని అభిప్రాయం. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు దానిని అంగీకరించలేదు. వ్యుత్పత్తినిమిత్తం వేరు, ప్రవృత్తినిమిత్తం వేరు. నేర్పరి అన్నదే ఆ శబ్దానికి ముఖ్యార్థమని ఆయన వాదం. నడిచేది అనే వ్యుత్పత్తిని పట్టుకొంటే పడుకొన్న ఆవును ఆవు అనరాదు. ఆంగ్ల నుడికారాన్ని నేర్చేవారు ఈ వివేకాన్ని అలవరచుకోవాలి. మరణించటాన్ని బాల్చీ తన్నటంగా ఎందుకు చెప్పారన్నది ఆసక్తికరమైన ప్రశ్నే. కాని దానికి సమాధానం దొరకనంత మాత్రాన అర్థం గ్రహించటం ఆగదు. పుట్టుక తెలిస్తే జ్ఞాపకం నిలుస్తుంది, తెలియకున్నా వ్యవహారం నడుస్తుంది.

ఇక ఊరి మాటను చూడవచ్చు. పాలమూరు పల్లెలో ఇంటి నుండి కదిలేవారు 'పోత' అనరు. 'పోయొస్త పెద్దమ్మా' అంటారు. 'పైలంగ పోయిరా బిడ్డా' అని పెద్దమ్మ పంపుతుంది. ఆ మనిషి ఆ పూట మళ్ళీ రాడని ఇద్దరికీ తెలుసు. పరభాషీయుడు వాచ్యార్థాన్ని నమ్మి ఎదురుచూస్తే తప్పు ఎవరిది? తెలుగు ఇంటిలో బియ్యం 'నిండుకొన్నవి' అంటే కుండ ఖాళీ అయినదని అర్థం. దీపం 'కొండెక్కింది' అంటే ఆరిపోయినదని అర్థం. అమంగళాన్ని నోట పలుకరాదనే సంస్కారం ఈ మాటలను పుట్టించింది. దారిన ఎదురైనవారిని 'ఎటు పోతున్నవ్?' అని అడగటం, ఇంటికి వచ్చినవారిని 'తిన్నవా?' అని పలకరించటం పల్లెలో మర్యాద. అవి సమాచారం కోరే ప్రశ్నలు కావు. 'హౌ ఆర్ యు?' అన్న ఆంగ్లేయుడు ఆరోగ్య వివరాలను కోరకపోవటం కూడ ఇటువంటిదే. ఆ ప్రశ్నకు మోకాళ్ళ నొప్పుల వృత్తాంతంతో బదులు చెప్పటం, 'ఎటు పోతున్నవ్?' అన్న పొరుగువానితో నీకెందుకని కసరటం ఒకే జాతి పొరపాట్లు.

ఈ రెండు జిల్లాల ప్రజలకు పరభాషా నుడికారం కొత్త కాదు. నిజాం రాజ్యంలో 1880ల దశకంలో ఫారసీ స్థానంలో ఉర్దూ అధికారభాష అయింది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనభాషగా స్వీకరించింది. కచేరీలో, ఠాణాలో, సంతలో ఆ భాషను విన్న రైతు దాని వ్యాకరణాన్ని చదువలేదు. అయినా నజర్ పెట్టటం, చక్కర్ కొట్టటం, దిమాక్ తినటం అతని తెలుగులో కలిసిపోయినవి. 'దిమాక్ తినకు' అన్నప్పుడు మెదడును భుజించే దృశ్యం ఎవరికీ తోచదు. విసుగు ముఖం, ఎత్తిన చెయ్యి, అప్పటి సందర్భం ఆ మాట అర్థాన్ని చెప్పినవి. వలస వెళ్ళిన పాలమూరు కూలీలు ముంబయి, పుణె నగరాలలో మరాఠీని, హిందీని పట్టుకొన్నదీ ఈ పద్ధతిలోనే. తాత చెవితో గ్రహించిన విద్యను మనుమడు జాబితాతో సాధించబోయి విఫలుడు కావటం విచారకరం.

జాబితా అన్న మాట ఉద్దేశపూర్వకంగానే వాడవలసి వస్తున్నది. పోటీ పరీక్షల కొరకు అచ్చయ్యే పుస్తకాలలో ఆంగ్ల నుడికారం వరుస సంఖ్యలతో, ఎదురుగా అర్థంతో కనబడుతుంది. వక్త లేడు, శ్రోత లేడు, ప్రకరణం లేదు. పిల్లులు కుక్కల వాన, బాల్చీ తన్నటం వంటివి ప్రతి జాబితాలోనూ ఉంటాయి. ఈనాటి సంభాషణలో అవి అరుదు. గడియగడియకు వినవచ్చే 'హోల్డ్ ఆన్', 'నెవర్ మైండ్', 'నాట్ రియల్లీ', 'ఇట్ స్లిప్డ్ మై మైండ్', 'బీట్స్ మి' వంటివి అట్టి జాబితాలలో తరచు కానరావు. అవి మరీ చిన్నవి కావటంచేత బోధనార్హములుగా తోచవు. 'నాట్ రియల్లీ' అన్నది మృదువైన నిరాకరణ అని తెలియనివాడు అందులో నిజానిజాల విచారణ ఉన్నదనుకొంటాడు. 'విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్' అని ఆరంభించినవాడు సన్మానం చేయబోవటం లేదు, ఖండించబోతున్నాడు. 'బిగ్ డీల్!' అని పెదవి విరిచినవాడు గొప్ప అనటం లేదు. అది విపరీతలక్షణ. 'గొప్ప పనే చేసినవు తియ్యి' అని ఇంట్లో అవ్వ అన్నప్పుడు ఆ లక్షణను గ్రహించటానికి మనుమనికి శాస్త్రం అవసరం కాలేదు.

ఆంగ్ల క్రియాపదాలు చిన్న అవ్యయాలతో కూడి అర్థం మార్చుకోవటం విద్యార్థులను భయపెట్టే మరొక అంశం. 'పుట్ ఆఫ్' వాయిదా వేయటం, 'పుట్ అవుట్' ఆర్పటం, 'పుట్ డౌన్' కించపరచటం, 'పుట్ అప్ విత్' ఓర్చుకోవటం. ఇది అరాచకమని ఇతరులు అంటే అనవచ్చు గాని సంస్కృతం చదివినవాడు అనరాదు. ఒక్క 'హృ' ధాతువు ఉపసర్గభేదంచేత ఆహార, విహార, సంహార, ప్రహార, పరిహార శబ్దాలను ఇస్తున్నది. 'ఆహారం'లో తీసుకొనిపోవటం ఎక్కడున్నదని ఏ విద్యార్థీ మొరపెట్టుకోడు. తెలుగులో 'పడు' ధాతువు 'బయటపడు', 'తలపడు', 'ఎగబడు', 'విరుచుకుపడు' అనే రూపాలలో ఎన్ని పోకడలు పోతున్నదో అందరికీ తెలుసు. ఆంగ్ల పాఠం ఈ పోలికతో ప్రారంభమైతే భయం స్థానంలో పరిచయం కలుగుతుంది. ఆంగ్లంలో ఆ అవ్యయం ధాతువుకు వెనుక చేరుతుంది, కొన్నిచోట్ల విడివడి దూరంగా నిలుస్తుంది అన్న భేదాన్ని తరువాత చెప్పవచ్చు.

పోలిక ఎంత మేలు చేస్తుందో, పోలికవలె కనబడే భ్రమ అంత కీడు చేస్తుంది. ఆంగ్లపదాలతో తెలుగువారు కల్పించుకొన్న పలుకుబడులు కొన్ని ఉన్నవి. 'హ్యాండిచ్చాడు', 'ఐరన్ లెగ్', 'లైట్ తీసుకో', 'క్లాస్ పీకాడు', 'నీకంత సీన్ లేదు' అనేవి ఈ కోవకు చెందినవి. వీటి వస్త్రం ఆంగ్లం, దేహం తెలుగు. అడుగు పెట్టిన చోటల్లా అశుభం కలిగించేవానిని 'ఐరన్ లెగ్' అంటే లండన్ నగరంలో ఎవరికీ తెలియదు. కొయ్యకాలు వంటిదేదో అమర్చుకొన్నాడని జాలిపడవచ్చు. 'పుల్లింగ్ ది లెగ్' అన్నది మరింత ప్రమాదకరం. ఆంగ్లంలో అది పరిహాసం, ఆట పట్టించటం. తెలుగునాట కార్యాలయాలలో 'లెగ్ పుల్లింగ్' అంటే పైకి పోయేవానిని కిందికి లాగటమనే అర్థం వ్యాపించింది. మాటలు ఒకటే. ఒకచోట అవి నవ్వు పుట్టిస్తాయి, మరొకచోట పగ పుట్టిస్తాయి. 'ఐ విల్ గో అండ్ కమ్' అనే భారతీయాంగ్ల వాక్యం 'పోయొస్త' అన్నదానికి అనువాదమే. అది తప్పు అని వెక్కిరించటం కంటె, అందులోని మర్యాద వినేవానికి చేరలేదని చెప్పటం ఉచితం.

నుడికారం వెనుక జాతి జీవితం ఉంటుంది. పాలమూరు జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో కావ్యాలలోని జనవ్యవహారాన్ని, సామెతలను చరిత్రకు ఆధారాలుగా గ్రహించారు. ఆ దృష్టితో ఆంగ్లాన్ని చూస్తే ద్వీపవాసుల ఓడలు, వేటలు, ఆటలు దాని నుడికారంలో కనబడుతాయి. 'లర్న్ ది రోప్స్' ఓడ తాళ్ళ నుండి వచ్చింది, 'ఆఫ్ వన్స్ ఓన్ బ్యాట్' క్రికెట్ నుండి వచ్చింది. 'బీట్ అబౌట్ ది బుష్' అనేది పక్షులను లేపటానికి పొదల చుట్టూ కొట్టే వేటగాండ్ర వాడుక. అసలు విషయానికి రాకపోవటమని దాని భావం. తెలుగువారు దీనినే 'డొంకతిరుగుడు' అన్నారు. పొద చుట్టూ తిరిగే ఈ రెండు ఊహలూ స్వతంత్రంగా కలిగినవే. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట నేతగాండ్ర సీమలో 'పడుగుపేకల వలె' కలిసిపోవటమనే మాట ఎంత సహజమో, ఉన్ని వడికిన దేశంలో దారం తెగటం, దారం పట్టుకోవటం అంత సహజం. ఈ విధంగా చూపితే నుడికారం కంఠస్థభారంగా గాక లోకవృత్తంగా కనబడుతుంది.

పరభాషను నేర్చేవారు ఈ దారిలో నడిచిన దృష్టాంతం తెలుగు చరిత్రలోనే ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ నిఘంటువులతో, వ్యాకరణంతో తృప్తిపడక తెలుగు–ఇంగ్లీషు సంభాషణల పుస్తకాన్ని కూడ ప్రచురించాడు. కెప్టెన్ కార్ 1868లో 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక' పేర తెలుగు సామెతలను సేకరించి అచ్చు వేయించాడు. పాలకులకు తెలుగువారి మాట తెలియవలసిన అవసరం ఉండెను గనుక ఇది జరిగింది. ఉద్దేశం ఏదైనా పద్ధతి మాత్రం గ్రహింపదగినది. ఎవరు ఎవరితో, ఏ పనిమీద, ఎట్లా మాట్లాడుతారో వినటం ఆ పద్ధతికి ప్రాణం.

నేటి అవసరం అంతకంటె దగ్గరిది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యాసంవత్సరం నుండి ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. దానితో ముడిపడిన 'మన ఊరు – మన బడి' కార్యక్రమానికి 2022 మార్చి 8న, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని వనపర్తిలోనే ప్రారంభం జరిగింది. పాఠశాలలో చుట్టూ ఆంగ్లం వినబడేటప్పుడు తెలుగు పండితుడు ఆ మాటలలోని ఆంతర్యాన్ని గ్రహించలేకపోతే అతని శాస్త్రానికే గౌరవం తగ్గుతుంది. పిల్లలు దానిని వ్యక్తి లోపంగా చూడరు. తెలుగు, సంస్కృతం చదివితే ఇంతే కాబోలునని భావిస్తారు. మరొకవైపు ఈ ప్రాంతాల నుండి అమెరికా వెళ్ళిన సంతానాన్ని చూడబోయిన తల్లిదండ్రులున్నారు. ఫోనులో మాట్లాడుతూ ఇరుగుపొరుగువారు 'ఐ విల్ లెట్ యు గో' అంటే తమను సాగనంపుతున్నారని వారు నొచ్చుకోవచ్చు. 'మీ పనికి అడ్డం రాను' అనే మర్యాద అందులో ఉన్నదని తెలిస్తే ఆ నొప్పి ఉండదు.

ఈ వాదానికి రెండు ఆక్షేపణలు రావచ్చు. ప్రాచ్య కళాశాల స్థాపన సంస్కృతాంధ్రాల రక్షణకు గాని ఆంగ్ల నుడికార పోషణకు కాదన్నది మొదటిది. ఇది తోసిపుచ్చదగినది కాదు. ఉన్న గంటలలో మూలగ్రంథాల పాఠమే కుంచించుకపోతున్నదన్న ఆవేదన న్యాయమైనది. అయితే ఇక్కడ కోరుతున్నది కొత్త విషయభారం కాదు. లక్షణను బోధించే గంటలోనే గొల్లపల్లె పక్కన ఒక ఆంగ్ల వాక్యాన్ని, ఒక పాలమూరు వాక్యాన్ని నిలిపితే చాలు. దానివల్ల లక్షణ కూడ స్పష్టపడుతుంది. శాస్త్రం గతించిన కాలానికి చెందినది కాదని విద్యార్థికి రుజువవుతుంది. భారతదేశంలో వ్యవహారానికి సరళమైన ఆంగ్లం చాలు, ఆంగ్లేయుల పలుకుబడులను అనుకరించటమెందుకన్నది రెండవ ఆక్షేపణ. గ్రహణం వేరు, ప్రయోగం వేరు అన్నది దీనికి సమాధానం. గ్రహించటం ఆవశ్యకం, ప్రయోగించటం ఐచ్ఛికం. ఎదుటివాడు ఏ మాట వాడుతాడన్నది వినేవాని చేతిలో లేదు. తాను మాట్లాడేటప్పుడు సరళంగా మాట్లాడవచ్చు, అదే మేలు కూడ. నుడికారాన్ని అరువు తెచ్చి అతికించిన మాట ఏ భాషలోనైనా ఎబ్బెట్టుగానే ఉంటుంది.

చేయదగిన పనులు కొన్ని ఉన్నవి. అలంకారశాస్త్రం బోధించే అధ్యాపకుడు, ఆంగ్లం బోధించే అధ్యాపకుడు నెలకు ఒక గంట ఒకే తరగతిలో కలిసి కూర్చోవటం మొదటిది. పరీక్షలో నుడికారానికి ఎదురుగా అర్థం వ్రాయుమని అడుగక, నాలుగు మాటల సంభాషణను ఇచ్చి వక్త తాత్పర్యం అడగటం రెండవది. విద్యార్థులు సెలవులలో తమ ఊళ్ళలో వినవచ్చిన పలుకుబడులను సేకరించటం మూడవది. ఎవరు, ఎవరితో, ఏ సమయంలో అన్నారన్నది పక్కన వ్రాసుకోవాలి. తరువాత దానికి సాటివచ్చే ఆంగ్ల వాడుకను వెదకాలి. ఇందుకు ఆదర్శాలు దూరాన లేవు. భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో వెలువడిన మాండలిక వృత్తి పదకోశాలు జనుల నోటి మాటనే ఆధారం చేసుకొన్నవి. వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది. పాలెం ప్రాచ్య కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసిన కపిలవాయి లింగమూర్తి (1928-2018) పాలమూరు సీమ స్థలచరిత్రలను ఊరూరా సేకరించి, ప్రాచ్య పండితుడు గ్రంథాలయానికే పరిమితం కానక్కరలేదని నిరూపించారు.

నాలుగవది అన్నింటికంటె సులభం, అన్నింటికంటె కష్టం. తెలియని మాటకు అర్థం అడగటంలో అవమానం లేదని విద్యార్థికి నమ్మకం కలిగించాలి. ఈ ప్రాంతపు విద్యార్థి తన ఊరి పలుకుబడి గ్రంథస్థం కాదన్న చిన్నచూపును ఒకసారి భరించి ఉన్నాడు. ఆంగ్ల నుడికారం ముందు రెండవసారి చిన్నబోతే ఇక నోరు విప్పడు. ఇంటి మాటను గౌరవించటం నేర్చినవాడే పరాయి మాట ముందు బెదరక నిలువగలడు. 'సారీ, ఐ డిడ్ నాట్ గెట్ దట్' అనే చిన్న వాక్యాన్ని ధైర్యంగా పలుకగలిగిన నాడు అతని ఆంగ్ల శిక్షణ సగం పూర్తి అయినట్లే. శిష్యుడు ప్రశ్నించటం, గురువు సమాధానం చెప్పటం అనే పునాదిమీద నిలిచిన శాస్త్రపరంపరలో పెరిగినవానికి ప్రశ్న అడగటానికి సిగ్గెందుకు? బీరువా దగ్గర నిలిచి చెయ్యి అడిగిన సహోద్యోగికి ముందుగా చెయ్యి అందించి, ఆ తరువాత 'ఆ మాటకు మావైపు అర్థం వేరు' అని నవ్వుతూ చెప్పగలిగితే, ఆ పూట ఇద్దరూ చెరొక భాషలో ఒక మాట నేర్చుకొన్నవారవుతారు.